ఓడ ఆగదు: రేవు దాకా జరిగే ఆలస్యం ఎవరి ఖాతాలో?

విహార ఓడలు నడిపే క్రూయిజ్ కంపెనీల ప్రకటనల్లో భూగోళం కొంచెం ముడుచుకుపోయి కనిపిస్తుంది. పారిస్ అని రాసిన చోట ఓడ నిజంగా ఆగేది దాదాపు 200 కిలోమీటర్ల అవతల, లె ఆవ్ర్ రేవులో. బెర్లిన్ అంటే బాల్టిక్ తీరంలోని వార్నెముండె. అక్కడి నుంచి బెర్లిన్‌కు రైల్లోనే సుమారు మూడు గంటలు పడుతుంది. రోమ్ అంటే చివిటావెక్కియా. లండన్ అంటే చాలాసార్లు సౌతాంప్టన్. ఈ మధ్యలో ఉన్న నేలంతా ప్రయాణికుడి సొంత బాధ్యత. ఏ అంతస్తులో గది తీసుకోవాలి, బాల్కనీ ఉండాలా వద్దా అని నెలల తరబడి లెక్కలు వేసేవారు కూడా రేవుకు ఎలా చేరాలన్నది చివరి వారంలో, అదీ టిక్కెట్టు ధర చూసి తేల్చేస్తారు. నా దృష్టిలో ధర, సౌకర్యం తర్వాతి సంగతులు. దారిలో ఆలస్యమైతే ఆ నష్టం ఎవరు భరిస్తారన్నది ముందు అడగాలి. రైలు, కోచ్ బస్సు (దూరప్రయాణాల బస్సు), కారు ఈ ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులు చెబుతాయి. ఆ జవాబులను ఎవరూ టిక్కెట్టు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయరు.

విమానం తప్పితే చాలా మార్గాల్లో తర్వాతి విమానం ఉంటుంది. ఓడ తప్పితే మిగిలేది తర్వాతి రేవు. అది మరో దేశంలో ఉండవచ్చు. ఓడ కదిలే వేళ కెప్టెన్ మంచితనం మీద ఆధారపడి ఉండదు. దారి చూపి ఓడను రేవు దాటించే పైలట్‌కూ, అవసరమైతే ఓడను లాగే టగ్గు పడవలకూ, ఓడ ఖాళీ చేయాల్సిన బెర్తుకూ (రేవులో ఓడ నిలిచే చోటు) ముందే వేళలు ఖరారవుతాయి. అమెరికా రేవు నుంచి బయలుదేరే ఓడ అయితే ప్రయాణికుల జాబితాను కనీసం 60 నిమిషాల ముందు సరిహద్దు అధికారులకు పంపాలి. అందుకే ఓడ నాలుగింటికి కదులుతుందంటే గేటు మూడింటికో, అంతకంటే ముందో మూసుకుంటుంది. పోనీ తర్వాతి రేవులో ఎక్కుదామంటే అదీ అన్నిచోట్లా కుదరదు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటి, విదేశీ జెండాతో, అంటే మరో దేశంలో నమోదై తిరిగే ఓడలు ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవారిని మరో అమెరికా రేవుకు చేరవేయకుండా అడ్డుకుంటోంది. పెద్ద క్రూయిజ్ ఓడలు దాదాపు అన్నీ విదేశీ జెండావే. సియాటిల్‌లో అలాస్కా ఓడ అందుకోలేకపోయిన మనిషి విమానంలో అలాస్కా రేవైన కెచికన్ వెళ్లి అక్కడ ఓడ ఎక్కి, వారం చివర సియాటిల్‌లో దిగాలనుకుంటే ఈ ఆవిరి ఓడల కాలపు నిబంధనే ఎదురొస్తుంది.

ఒకప్పుడు ఈ చిక్కు ఇంతగా ఉండేది కాదు. అందుకు కారణం సాంకేతికత కాదు, యాజమాన్యం. సౌతాంప్టన్ రేవులను 1892లో కొన్నది లండన్ అండ్ సౌత్ వెస్టర్న్ రైల్వే కంపెనీ. రైలూ రేవూ ఒకే యజమానివి. రైలు ఆలస్యమైతే ఇబ్బంది పడేది తన సొంత రేవే కాబట్టి, రెంటినీ కలిపి నడపడంలో ఆ కంపెనీకి స్వార్థం ఉంది. 1950లో అక్కడ కట్టిన ఓషన్ టెర్మినల్‌లో లండన్ నుంచి వచ్చిన ప్రత్యేక రైలు భవనం లోపలికే వచ్చి ఆగేది. ప్రయాణికులు పై అంతస్తుకు చేరి అక్కడి నుంచి ఓడలోకి నడిచేవారు. ఫ్రాన్స్‌లోని షెర్బూర్‌లో 1933లో ప్రారంభమైన ఓడరేవు రైల్వే స్టేషనూ ఇదే ఆలోచనతో కట్టిందే. తర్వాత అట్లాంటిక్ దాటేవారు విమానాలకు మళ్లారు. సౌతాంప్టన్ టెర్మినల్‌ను 1983లో పడగొట్టారు. షెర్బూర్ భవనం ఇప్పుడు సముద్ర ప్రదర్శనశాల. ఇంగ్లండ్‌లోని డోవర్ కథ మరీ విడ్డూరం. అక్కడి రేవు స్టేషన్ 1994లో మూతపడింది. రెండేళ్లు తిరిగేసరికి అదే భవనం క్రూయిజ్ టెర్మినల్‌గా తెరుచుకుంది. ఒకప్పుడు రైళ్లు ఆగిన చోట ఇప్పుడు కార్లు నిలుపుతున్నారు. ఓడలు తిరిగొచ్చాయి, రైలే రాలేదు.

ఈ రోజు రైలు వల్ల ఒరిగే మేలు రేవును బట్టి మారిపోతుంది. కెనడాలోని వాంకూవర్‌లో విమానాశ్రయం నుంచి పట్టణ రైలు సుమారు అరగంటలో వాటర్‌ఫ్రంట్ స్టేషన్‌కు చేరుస్తుంది. అక్కడి నుంచి కెనడా ప్లేస్ టెర్మినల్ నడిచేంత దూరం. వార్నెముండెలో స్టేషన్, టెర్మినల్ పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లండ్ తూర్పు తీరంలోని హారిచ్‌లోనూ అంతే. ఇలాంటి చోట్ల రైలును కాదని కారు తీసుకెళ్లేవారిని చూస్తే నాకు జాలేస్తుంది. మిగతా చాలా రేవుల్లో మాత్రం ఇల్లు అలకగానే పండుగ కాదు. సౌతాంప్టన్‌కు లండన్ వాటర్లూ నుంచి మంచి రైళ్లున్నాయి, గంటన్నరలోపే చేరవచ్చు. కానీ స్టేషన్ ఒకటే, క్రూయిజ్ టెర్మినళ్లు అయిదు. కొన్ని స్టేషన్‌కు దగ్గర, కొన్ని ఊరికి మరో చివర. మీ ఓడ దేనికి వస్తుందో టిక్కెట్టు కొన్న రోజు ఉన్న సమాచారం చివరిదాకా అలాగే ఉంటుందన్న హామీ లేదు. చివిటావెక్కియాలో స్టేషన్ నుంచి రేవు గేటు, గేటు నుంచి లోపలి బస్సు, ఆ బస్సు నుంచి ఓడ. పెద్ద పెట్టెలు రెండు చేతుల్లో ఉంటే ఈ చివరి ఒకటి రెండు కిలోమీటర్లే మొత్తం ప్రయాణంలో అన్నిటికంటే పొడవైన భాగం.

రైలుకు ఇంకో బలహీనత ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. వారాంతాల్లో ప్రయాణికులను దించి కొత్తవారిని ఎక్కించుకునే ఓడలు చాలా ఉన్నాయి. బ్రిటన్‌లో రైలు పట్టాల మరమ్మతులకు ఎంచుకునేదీ ఎక్కువగా వారాంతాలే. ఆఫీసులకు వెళ్లేవారు తగ్గే రోజులని రైల్వే అనుకుంటుంది, సెలవులు మొదలయ్యే రోజులని క్రూయిజ్ కంపెనీ అనుకుంటుంది. మధ్యలో ప్రయాణికుడు రైలుకు బదులు నడిపే బస్సులో, పెట్టెలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. ఇక ఆలస్యమైతే యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం గంట దాటితే టిక్కెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం పరిహారం వస్తుంది. గమనించాల్సింది, అది రైలు టిక్కెట్టు ధరలో శాతం. పోయిన ఓడ ప్రయాణంతో పోలిస్తే అది చిల్లర. కాబట్టి రైలును ఎంచుకున్నవారు ఆ ఆలస్యాన్ని తామే మోయడానికి సిద్ధపడాలి. అంటే దూరప్రాంతాల నుంచి వచ్చేవారు ముందు రోజే రేవు పట్టణానికి చేరి అక్కడ రాత్రి ఉండాలి. గది అద్దె దండగ అనిపిస్తుంది. దాన్ని బీమా కింద రాసుకుంటే లెక్క మారుతుంది.

కోచ్ బస్సు పేరు చెప్పగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. నెమ్మది, ఇరుకు, వయసు మళ్లినవారి ప్రయాణం అన్న ముద్ర పడిపోయింది. నా ప్రశ్నతో కొలిస్తే మాత్రం మూడింటిలో ఇదే ముందుంటుంది. ఒక షరతు ఉంది: ఆ కోచ్‌ను క్రూయిజ్ కంపెనీయే ఓడ ప్రయాణంతో కలిపి అమ్మి ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో 2015 నాటి ప్యాకేజీ ప్రయాణాల ఆదేశం, బ్రిటన్‌లో 2018 నాటి నిబంధనలు ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నాయి. ప్యాకేజీలో భాగంగా అమ్మిన ప్రతి సేవనూ సరిగా అందించే బాధ్యత దాన్ని కూర్చి అమ్మిన సంస్థదే. రహదారి మీద కోచ్ ఇరుక్కుపోతే, ఓడను కాసేపు ఆపడమో తర్వాతి రేవుకు చేర్చడమో చూసుకోవాల్సిన అవసరం కంపెనీకి వస్తుంది. ఒకే బస్సులో నలభై యాభై మంది సొంత ఖాతాదారులు ఇరుక్కున్నారంటే ఏ కంపెనీ అయినా ఫోను ఎత్తుతుంది. నూట ముప్పై ఏళ్ల కింద రైల్వే కంపెనీ చేసిన పనే ఇది, రైలు స్థానంలో బస్సు వచ్చింది. పైగా బస్సు ఎక్కేటప్పుడు చీటీ కట్టి అప్పగించిన పెట్టె సాయంత్రానికి ఓడలో గది తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యే ఏర్పాటు కొన్నిచోట్ల ఉంది. మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకంటే పెద్ద వాదన అక్కర్లేదు. ప్రయాణికుడు విడిగా కొనుక్కున్న మామూలు కోచ్ టిక్కెట్టుకు మాత్రం ఈ రక్షణ ఏదీ వర్తించదు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలాంటి బస్సులే.

కారును సమర్థించేవారి వాదనలో బలం ఉంది. చిన్న పిల్లలు, చక్రాల కుర్చీ, మందుల పెట్టె, బయలుదేరే వేళ మన చేతిలో. నలుగురు కలిసి వెళ్తే ఖర్చూ తగ్గుతుంది. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ కారులో మొత్తం ఆలస్యం నడిపేవాడి ఖాతాలోనే పడుతుంది. ప్రయాణ బీమా ఆదుకుంటుందని చాలామంది ధీమా. కారు చెడిపోతేనో ప్రమాదం జరిగితేనో డబ్బిచ్చే పాలసీలు ఉన్నాయి కానీ, మామూలు ట్రాఫిక్ రద్దీని పట్టించుకోనివీ వాటిలో చాలానే. అంతే కాదు, రద్దీని పెంచేది ఓడే. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ ఓడలో గదికి ఇద్దరి లెక్కన చూసినా 5,610 మంది పడతారు. ఉదయం అంతమంది దిగి, మధ్యాహ్నానికి మరో అంతమంది అదే దారిలో వస్తుంటే, చివరి రెండు కిలోమీటర్ల గురించి మ్యాప్ చూపే అంచనాను నమ్మడం ఎంతవరకు తెలివి? అలాస్కాలోని విటియర్‌లో అయితే రోడ్డే గడియారం చెప్పినట్టు వింటుంది. అక్కడికి వెళ్లే సొరంగం నాలుగు కిలోమీటర్ల పొడవు, ఒకటే వరుస. రైళ్లూ కార్లూ వంతులవారీగా దాన్నే వాడుకోవాలి. మీ వంతు తప్పితే మళ్లీ గంట ఆగాలి.

కారుకున్న ఇంకో ఇబ్బంది తిరుగు ప్రయాణంలో బయటపడుతుంది. అది మీరు వదిలిన చోటే ఉంటుంది, ఓడ మాత్రం అక్కడికే రావాలన్న నియమం లేదు. 2024 మార్చి 26న అమెరికాలోని బాల్టిమోర్‌లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన కూలి రేవు దారి మూసుకుపోయింది. అప్పటికే సముద్రంలో ఉన్న కార్నివాల్ లెజెండ్ ఓడను నార్‌ఫోక్‌కు మళ్లించారు. ప్రయాణికులను అక్కడి నుంచి బాల్టిమోర్‌కు బస్సుల్లో చేర్చింది క్రూయిజ్ కంపెనీయే. కార్లలో వచ్చినవారిని వారి కార్ల దగ్గరికి కూడా చివరికి తీసుకెళ్లినది కోచ్ బస్సే.

ఇదంతా ప్రయాణికుడి తెలివితేటలకు వదిలేయాల్సిన విషయం కాదు. టెర్మినల్ ఎక్కడ కట్టాలో నిర్ణయించేది ప్రభుత్వాలు, రేవు సంస్థలు. హాంకాంగ్ తన కై టాక్ క్రూయిజ్ టెర్మినల్‌ను 2013లో పాత విమానాశ్రయం రన్‌వే చివరన తెరిచింది. భవనం అద్భుతం, మెట్రో మాత్రం గుమ్మం దాకా రాలేదు. పదేళ్ల తర్వాత కూడా ఓడ దిగిన వేలమంది టాక్సీల కోసం బారులు తీరారన్న ఫిర్యాదులు వార్తలకెక్కాయి. సింగపూర్ మరీనా బే టెర్మినల్‌ను 2012లో తెరిచి, రెండేళ్లకు దగ్గర్లోనే మెట్రో స్టేషన్‌ను అందుబాటులోకి తెచ్చింది. సిడ్నీ ఒకే నగరంలో రెండు రకాల ఉదాహరణలూ ఇస్తుంది. సర్క్యులర్ కీ టెర్మినల్ ఎదుటే రైల్వే స్టేషన్ ఉంటే, 2013లో తెరిచిన వైట్ బే టెర్మినల్‌కు రైలు లేదు. బెర్తు పొడవు, నీటి లోతు, ఓడ ఎత్తుకు వంతెన అడ్డొస్తుందా అన్నవి అంగుళాల్లో కొలిచే ఇంజినీర్లున్నారు. ఓడ దిగిన అయిదు వేలమంది తర్వాతి మూడు గంటల్లో ఎలా వెళ్తారన్నది మాత్రం టాక్సీ డ్రైవర్లకు వదిలేస్తున్నారు. కొత్త టెర్మినల్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు ఈ లెక్క కూడా అడగడం పెద్ద పనేమీ కాదు.

తిరుగు ప్రయాణం గురించి ఒక మాట. ముందుగా కొన్న చౌక రైలు టిక్కెట్లు సాధారణంగా ఒకే రైలుకు చెల్లుతాయి. పొగమంచు వల్ల ఓడ రేవు బయటే రెండు గంటలు ఆగితే ఆ టిక్కెట్టు చిత్తు కాగితం. ఓడ ఆలస్యమైందని రైల్వే దాన్ని మార్చి ఇవ్వాల్సిన పని లేదు, రైలు పోయిందని క్రూయిజ్ కంపెనీ డబ్బు తిరిగి ఇవ్వాల్సిన పనీ లేదు. వెళ్లేటప్పుడు నిర్ణీత రైలుకు, వచ్చేటప్పుడు ఏ రైలుకైనా చెల్లే టిక్కెట్టు కొనడం ఖరీదే. అయినా ఈ ఒక్క చోట ఎక్కువ పెట్టడమే నయం.