తుంటి నరం తగవు

మిర్యాలగూడలో మా వీధి చివరి చదువుల గదిలో నెలకోసారి వాదన పెడతాం. ఈసారి అంశం రిటైరైన సైన్సు సారు ఇచ్చాడు: సయాటికాకు, అంటే నడుము నుంచి కాల్లోకి దిగే తుంటి నరం నొప్పికి, కొయ్యాలా, ఆగాలా? కొయ్యాలనే పక్షం ఆయనది. ఆగాలనే పక్షం ఆయన మేనకోడలిది, ఆమె ఫిజియోథెరపిస్టు. తగవుకు మూలమైన మనిషి మూడో వరుసలో ఉన్నాడు. రైసుమిల్లు హమాలీ, నలభై దాటాయి. రెండు నెలలుగా ఎడమ పిర్ర నుంచి పాదం దాకా నిప్పు దిగుతోందంటాడు. బరువంతా కుడి పిర్ర మీద మోపి, కుర్చీ అంచుకు ఒరిగి కూర్చున్నాడు.

సారు: ఒంట్లో అన్నిటికన్నా లావు నరం ఇది. నడుము దిగువన ఐదు వేర్లు కలిసి, పిర్ర లోంచి తొడ వెనకగా దిగుతుంది. పూర్వం ఈ బాధను తుంటి కీలు జబ్బనుకునేవారు. నరం జబ్బని 1764లో నేపుల్స్ వైద్యుడు కొటూన్యో రాశాడు. నరం ఎక్కడ నలుగుతోందో తేలడానికి ఇంకో నూట డెబ్బై ఏళ్ళు పట్టింది. 1934లో బోస్టన్‌లో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు, వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు చిట్లి నరం వేరును నొక్కుతోందని, ఆ ముక్క తీసేస్తే బాధ తీరుతుందని చూపించారు. కాల్లో ముల్లు దిగితే ముల్లు తీస్తాం, కాలికి కసరత్తు నేర్పుతామా?

మేనకోడలు: ముల్లు కరగదు మామయ్యా, డిస్కు ముక్క కరుగుతుంది. బయటికి జారిన ముక్కను ఒంట్లోని రక్షక కణాలు పరాయి సరుకనుకుని తినేస్తాయి. విచిత్రం ఏమిటంటే, తెగి జారిన పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయి, కొంచెం ఉబ్బినవి అలాగే ఉండిపోతాయి. ఇక స్కాను చూసి బెదిరేవాళ్ళ సంగతి. ఏ నొప్పీ లేనివాళ్ళకు తీసిన స్కానులన్నీ కలిపి 2015లో లెక్క కట్టారు. ఇరవై ఏళ్ళ వాళ్ళలో 30 శాతానికి, యాభై ఏళ్ళ వాళ్ళలో 60 శాతానికి డిస్కు ఉబ్బే ఉంది.

(వెనక బెంచీలో ఒకాయన తన నడుము తడిమి చూసుకున్నాడు.)

సారు: స్కాను వదిలెయ్. నీ డచ్ అధ్యయనం బయటికి తియ్యి, అది లేకుండా నీ పక్షం నిలవదు.

మేనకోడలు: తీస్తాను. 2007, నెదర్లాండ్స్. ఆరు నుంచి పన్నెండు వారాలుగా సయాటికాతో విలవిల్లాడుతున్న 283 మంది. ఒక గుంపుకు త్వరగా ఆపరేషన్. రెండో గుంపును ఆగమన్నారు, తప్పకపోతేనే కత్తి. ఏడాది తిరిగేసరికి రెండు గుంపుల్లోనూ 95 శాతం కోలుకున్నారు. ఆగినవాళ్ళలో కత్తి దాకా వెళ్ళింది 39 శాతం. పదిమందిలో ఆరుగురు కోయించుకోకుండానే బయటపడ్డారు.

సారు: ఏడాది తిరిగేసరికి! ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. ఏడాది లోపల ఏం జరిగిందో కూడా చెప్పు. ఆపరేషన్ గుంపులో సగం మంది నాలుగు వారాలకే తేరుకుంటే, ఆగిన గుంపులో సగం మంది తేరుకోవడానికి పన్నెండు వారాలు పట్టింది. మధ్యలో ఎనిమిది వారాలు. ఇంట్లో కూర్చున్నా జీతం వచ్చేవాడికి అది సెలవు. ఇక్కడ సాగర్ ఎడమ కాలువ కింద కోతలు పడి, ధాన్యం లారీలు మిల్లుల ముందు బారులు తీరేది ఎన్నాళ్ళు? ఇంచుమించు అంతే. హమాలీకి నాలుగు రాళ్ళు మిగిలేది ఆ రోజుల్లోనే. వాళ్ళు గీత గీసింది ఏడాది దగ్గర. ఇతని గీత సీజను దగ్గర ఉంది.

మేనకోడలు: ఆపరేషన్ అయిన నాలుగో వారానికి బస్తా ఎత్తుతాడా మామయ్యా? ఆ అధ్యయనంలో కోలుకోవడం అంటే, రోగి తనకు నయమైందని తానే చెప్పడం. నలభై కిలోల ధాన్యం వీపున వేసుకుని లారీకి ఆనించిన చెక్క ఎక్కడం కాదు.

(సారు కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. అవి ముందే శుభ్రంగా ఉన్నాయి. నా లెక్కలో ఇది మేనకోడలి దెబ్బ.)

సారు: సరే. ఆగడానికి హద్దేది? 2020లో కెనడా వాళ్ళది చూడు. నాలుగు నెలల నుంచి ఏడాది దాకా బాధపడుతున్న 128 మంది. ఆరు నెలల తర్వాత కాలి నొప్పికి పదికి ఎన్ని మార్కులని అడిగితే, ఆపరేషన్ వాళ్ళది 2.8, మిగతావాళ్ళది 5.2. ఆగీ ఆగీ ఏం బావుకున్నట్టు? ఈలోగా రాసిచ్చేదేమో నరాల నొప్పికని ప్రీగాబాలిన్ మాత్ర.

మేనకోడలు: ఆ మాత్ర తరఫున నేను వాదించను. 2017లో ఆస్ట్రేలియాలో 209 మంది మీద పరీక్షించి చూస్తే ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగు కాలేదు. తల తిరుగుడు మాత్రం ఎక్కువైంది.

సారు: ఇంకొకటి. ఇతను పుట్టి పెరిగింది మర్రిగూడ పక్క. పాతికేళ్ళు బోరు నీళ్ళు తాగాడు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు పాడయ్యే నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీకి దిగింది కూడా నీళ్ళ గోడు ఢిల్లీకి వినిపించడానికే. ఫ్లోరైడు పేరుకుంటే వెన్నుపూసలను కట్టి ఉంచే స్నాయువులు ఎముకలా గట్టిపడి, నరాల దారి ఇరుకవుతుంది. డిస్కు ముక్కను తినే కణాలు ఆ ఎముకను కూడా తింటాయా? నీ 283 మందిలో ఒక్కరైనా మర్రిగూడ నీళ్ళు తాగారా?

మేనకోడలు: తాగలేదు. అది ఒప్పుకుంటాను. అయినా మామయ్యా, అందుకే ముందు...

ఆమె మాట అక్కడ ఆగిపోయింది. హమాలీ మంచినీళ్ళ కోసం మూలనున్న కుండ దగ్గరికి వెళ్తున్నాడు. ఎడమ పాదం పడినప్పుడల్లా నేల మీద చప్పుమంటోంది. కుర్చీల మధ్య దారిలో ఎడమ చెప్పు ఒంటరిగా పడి ఉంది. అతను చూసుకోలేదు.

మేనకోడలు: అన్నా, మీ చెప్పు.

హమాలీ: (కిందికి చూసి) అయ్యో. నాలుగు రోజులుగా ఇదే వరస. చెప్పు సాగిందనుకున్నాను.

మేనకోడలు: మడమల మీద నాలుగడుగులు వెయ్యండి.

కుడి పాదం వేళ్ళు పైకి లేచాయి. ఎడమ పాదం నేలను వదల్లేదు. ఆమె కింద కూర్చుని, ఎడమ బొటనవేలు పట్టుకుని పైకి ఎత్తమంది. అతని మెడ నరాలు పొంగాయి గాని వేలు కదల్లేదు.

మేనకోడలు: పిర్రకు సూది వేయించుకున్నారా?

హమాలీ: వేయించుకున్నానమ్మా. కుడివైపు.

(ఈ ప్రశ్న ఎందుకో నాకు తర్వాత చెప్పింది. పిర్రలో సూది చోటు తప్పితే ఈ నరానికే తగిలి పాదం ఇలాగే పడిపోతుందట. కుడివైపు సూది ఎడమ కాలిని పడెయ్యదు.)

మేనకోడలు: మూత్రం సరిగా వస్తోందా? కూర్చునే చోట మొద్దుబారిందా?

హమాలీ: వస్తోంది. మొద్దేమీ లేదు.

సారు: నొప్పి ఎలా ఉంది తమ్ముడూ?

హమాలీ: రెండు రోజులుగా తగ్గింది సారూ. తగ్గబట్టే వచ్చి కూర్చోగలిగాను.

మేనకోడలు లేచి నిలబడింది. గొంతు తగ్గించింది గాని గది అంతటికీ వినిపించింది.

మేనకోడలు: మామయ్యా, బలం ఇంతగా పోయినవాళ్ళను డచ్ వాళ్ళు అధ్యయనంలోకి తీసుకోనే లేదు. నేను ఇప్పటిదాకా చెప్పిన లెక్కలు ఇతనివి కావు.

సారు: అంటే నేను గెలిచినట్టా?

మేనకోడలు: మీరు నొప్పికి కొయ్యమన్నారు. ఇతనికి నొప్పి తగ్గింది, పాదం పోతోంది. నరాన్ని నొక్కుతున్నది డిస్కు ముక్కో, ఎముకో స్కానులో తేలాలి. ఆ పని ఈ రాత్రే కావాలి, సర్జను కూడా ఈ రాత్రే చూడాలి.

సారు కండువా కుర్చీ మీదే వదిలేసి ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. ఓటు చీటీలు నా చేతిలోనే ఉండిపోయాయి. హమాలీ ఎడమ చెప్పును కాలికి తొడుక్కున్నాడు, జారింది. మళ్ళీ తొడుక్కున్నాడు, మళ్ళీ జారింది. తీసి చంకలో పెట్టుకుని, మేనకోడలి భుజం ఆసరాగా గడప దాటాడు.