అరువు కాగితం గారికి ఒక లేఖ

మహారాజశ్రీ అరువు ఒప్పంద పత్రం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు 2024లో ఘనా దేశపు కుమాసీ నగరానికి వేంచేశారని, వెంట అక్కడి అసాంటే జాతి వస్తువులు 32 తీసుకొచ్చారని తెలిసి సంతోషించాను. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం నుంచి 17, బ్రిటిష్ మ్యూజియం నుంచి 15. మూడేళ్ళ గడువు, కావాలంటే ఇంకో మూడేళ్ళు. అసాంటే రాజు ఒటుంఫువో ఒసేయి టుటు గారు వాటిని తమ మన్హియా ప్యాలెస్ మ్యూజియంలో పెట్టుకున్నారు. ఎవరి సొమ్ము ఎవరికి అరువిచ్చారన్నది మాత్రం తమరినే అడగాలి.

మా ఇళ్ళలో గిన్నెల మీద పేర్లు కొట్టిస్తాం. పక్కింటి పెళ్ళికి వెళ్ళిన గంగాళం తిరిగొచ్చేటప్పుడు మారిపోకూడదని. మా అమ్మ గంగాళం అంచున చుక్కలు చుక్కలుగా నాన్న పేరు, పక్కనే కొన్న సంవత్సరం ఉంటాయి. విక్టోరియా మ్యూజియం వారిదీ దాదాపు ఇదే పద్ధతి. ఒక్కో వస్తువుకీ ఒక నంబరు, ఆ నంబరు చివర అది తమ చేతికొచ్చిన ఏడాది. తమరి వెంట వచ్చిన వాటిలో బంగారు బిళ్ళలున్నాయి చూడండి, రాజు ఆత్మను శుద్ధి చేసే సేవకులు తెల్లతాడుకి గుచ్చి గుండెల మీద వేసుకునేవి, మధ్య నుంచి పూరేకుల్లా విచ్చుకున్న నగిషీతో. ఆ మ్యూజియం బిళ్ళ నంబరు చివర 1874 అని ఉంటుంది. మా నాన్న పేరు కొట్టించింది సొంత గిన్నె మీద. అంతే తేడా.

ఆ ఏడాది ఫిబ్రవరిలోనే బ్రిటిష్ సేనాని సర్ గార్నెట్ వూల్స్‌లీ సైన్యం కుమాసీలో దిగి, అప్పటి అసాంటే రాజు కోఫీ కరికరి భవనాన్ని దోచి, ఊరికి నిప్పు పెట్టింది. ఆపైన యుద్ధం ఖర్చు కింద 50,000 ఔన్సుల బంగారం కట్టమంది. ఇంటికి కన్నం వేసినవాడు కన్నం తవ్విన కూలి కూడా ఇంటాయన దగ్గరే అడిగాడన్నమాట. ఆ సొత్తు లండన్‌లో రాణిగారి నగల వర్తకులు గారార్డ్ దగ్గరికి చేరితే, మ్యూజియం వారు 13 నగలు కొన్నారు. ఇంగ్లీషు వాళ్ళు ఈ జాతి పేరును ‘అషాంటి’ అని రాసుకున్నారు. తెలుగులో కాస్త తొందరగా చదివితే అశాంతి. ఆ అశాంతి నుంచి లండన్ చేరినవాటిలో బంగారు రేకు తొడిగిన, పొగ తాగే శాంతి పైపు కూడా ఒకటి!

తిరిగి ఇచ్చెయ్యండి అంటే తమ యజమానులైన ఆ రెండు మ్యూజియాలూ, ఇచ్చెయ్యడానికి వీల్లేదనే చట్టం చూపిస్తాయి. ఒకరిది 1963 నాటిది, ఇంకొకరిది 1983 నాటిది. ఊరు తగలబడిన 89 ఏళ్ళకు పుట్టిన చట్టానికి ఊరి మీద ఎంత అధికారమో. తమరికన్నా ముందు, 2024 ఫిబ్రవరిలోనే లాస్ ఏంజెలెస్ నుంచి ఫౌలర్ మ్యూజియం వారు వచ్చి 7 వస్తువులు ఇచ్చేసి పోయారు. గడువు పెట్టలేదు. పాపం, వ్యాపారం తెలియని మనుషులు.

తమరు దిగిన ఇంటి కథ కూడా వినాలి. 1896లో బ్రిటిష్ వాళ్ళు అసాంటే రాజు ప్రెంపేను పట్టుకుపోయి, తర్వాత సీషెల్స్ దీవుల్లో పెట్టి, 1924లో తిరిగి రానిచ్చారు. ఉండటానికి ఇల్లు కట్టించి ఇస్తే, కట్టిన ఖర్చు అసాంటే ప్రజలు పూర్తిగా చెల్లించేదాకా ఆయన అందులో కాపురం పెట్టనన్నాడట. చెల్లించారు. అప్పుడే గడప తొక్కాడు. ఊరికే వచ్చిన ఇంటినే వద్దన్న మనిషి ఇల్లది. సొంత బంగారాన్ని అరువుకి పట్టుకుని తమరు దిగింది సరిగ్గా అక్కడే.

1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ ఇంకో అడుగు ముందుకేసి, కూర్చోవడానికి వాళ్ళ బంగారు పీట తెమ్మన్నాడు. అసాంటే జాతి ప్రాణమంతా అందులోనే ఉందని వాళ్ళ నమ్మకం, రాజు సైతం దాని మీద కూర్చోడు. ఎజిసు రాజమాత యా అసంటెవా యుద్ధానికి లేచింది. ఆమెను దీవులకు పంపగలిగారు గానీ పీట మాత్రం దొరకలేదు. అందుకే ఇవాళ దానికి నంబరూ లేదు, గడువూ లేదు.

మా అమరావతి శిల్పాలు కూడా తమ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. లండన్ వెళ్ళిన మావాళ్ళు వాటి పక్కన నిలబడి ఫోటో దిగి వస్తారు. వాటికి ఇంకా తమరిలాంటి కాగితం కూడా రాలేదు, ఈర్ష్యపడాలో ఊపిరి పీల్చుకోవాలో తెలియడం లేదు.

చివరగా ఒక సందేహం. మా వైపు అరువు గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు, దోసెడు బియ్యమో ఓ బెల్లం ముక్కో వేసి ఇస్తారు. గడువు తీరాక 32 వస్తువుల్నీ పెట్టెల్లో సర్దేటప్పుడు వాటిలో ఏం వేసి పంపాలో తమరిలో ఎక్కడైనా రాశారా? 50,000 ఔన్సుల పద్దులో కలుపుకుంటామంటే సరే.

ఇట్లు,
గంగాళం మీద పేరున్న ఇంటివాడు