వంద దాకా ఒంట్లు వస్తే లెక్కలు వచ్చినట్టేనా?

చిన్నపిల్లల తల్లిదండ్రుల ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "ప్రీస్కూల్లో నీళ్లు పోయించడం, గుండీలు పెట్టించడం, బొమ్మలు సర్దించడం టైమ్ వేస్ట్. అవి ఇంట్లోనే వస్తాయి. మూడేళ్లకే వంద దాకా ఒంట్లు చెప్పించండి, రాయించండి. వేళ్లు వాడనివ్వకండి. చిన్నప్పుడు లెక్కలొచ్చిన పిల్లలే తర్వాత ముందుంటారని పరిశోధనలు తేల్చాయి."

రోజూ ఈ వయసు పిల్లల మధ్య ఉండే టీచర్‌ని. దీన్ని నమ్మి పిల్లల్ని కూర్చోబెట్టి రుద్దుతున్న అమ్మానాన్నలను చూస్తున్నాను కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ముందు ఆ వంద సంగతి. ఒంట్లు చెప్పడం వేరు, లెక్కపెట్టడం వేరు. ఒంట్లు పాటలాగా నోటికి వచ్చేస్తాయి. మా తరగతిలో ఒక బాబు యాభై దాకా తడబడకుండా చెప్పేవాడు. "మూడు బ్లాకులు తెచ్చివ్వు నాన్నా" అంటే దోసిలి నిండా తెచ్చాడు. వాడిలో లోపమేమీ లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త కారెన్ విన్ 1990లో, 1992లో ప్రచురించిన పరిశోధనల్లో పిల్లల్ని సరిగ్గా ఇలాగే అడిగి చూశారు. అంకెలు వరుసగా చెప్పగలిగే పిల్లల్లో కూడా చాలామంది 'ఒకటి' అడిగితేనే సరిగ్గా ఇస్తారు, అంతకుమించి ఏది అడిగినా గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. కొన్ని నెలలకు 'రెండు' అర్థమవుతుంది, ఇంకొన్ని నెలలకు 'మూడు'. చివరగా పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న సంగతి ఆ తర్వాతగానీ తెలియదు.

లెక్కపెట్టడం వెనక ఐదు సూత్రాలున్నాయని 1978లో గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకే చెప్పాలి. అంకెల వరుస మారకూడదు. చివరి అంకే మొత్తం. దేన్నైనా లెక్కపెట్టొచ్చు. ఎటునుంచి మొదలుపెట్టినా అంతే వస్తుంది. ఒంట్లు ఎన్నిసార్లు వల్లె వేయించినా వీటిలో వచ్చేది రెండోది ఒక్కటే. మిగిలిన నాలుగూ చేతిలో వస్తువులుంటేనే వస్తాయి.

ఇరవై తొమ్మిది తర్వాత "ఇరవై పది" అన్న పిల్లను కసురుకున్న పెద్దవాళ్లను చూశాను. నాకు ఆ తప్పు వింటే సంతోషం వేస్తుంది. ఆ పిల్ల బట్టీ పట్టడం మానేసి, అంకెలు ఏ పద్ధతిలో నడుస్తున్నాయో సొంతంగా పట్టుకుంది.

ఇక టైమ్ వేస్ట్ అన్న పనులు. చొక్కా గుండీలు పెట్టుకునే పిల్లను ఒక్కసారి పక్కన కూర్చుని చూడండి. మొదటి గుండీ తప్పు కాజాలో పెడితే చివరికి ఒక కాజా మిగిలిపోతుంది. ఎవరూ చెప్పకుండానే ఆగి, అన్నీ విప్పి మళ్లీ మొదలుపెడుతుంది. ఒకదానికి ఒకటి జత కావాలన్నది లెక్కకు పునాది, అది ఆ పిల్లకు వేళ్లలోకి వచ్చింది. గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక గ్లాసు పెట్టమన్నప్పుడు జరిగేదీ అదే. నీళ్ల విషయం ఇంకా లోతైనది. వెడల్పు గ్లాసులోని నీళ్లు సన్నటి పొడవాటి గ్లాసులో పోస్తే "ఎక్కువయ్యాయి" అంటారు ఈ వయసు పిల్లలు. స్విస్ మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే చూపించిన ఈ సంగతి మాటలతో చెప్పినంత మాత్రాన సులువుగా మారదు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు వందసార్లు పోసుకోవాలి, ఒలకబోసుకోవాలి, తుడుచుకోవాలి. ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో 'బాలల గృహం' అనే తన మొదటి బడి తెరిచారు. ఆమె పద్ధతిలో గుండీలు పెట్టడం నేర్చుకునే చట్రాలూ, పొడవును బట్టి అంకెలు నేర్పే కర్రలూ ఒకే గదిలో ఉంటాయి.

ఇంట్లోనే వస్తాయంటారా? పొద్దున్న హడావుడిలో గుండీలు పెట్టేది మనమే కదా. ఎవరినీ తప్పుపట్టడం లేదు, అంత తీరిక ఉండదు. తరగతిలో ఆ తీరిక ఉంటుంది.

వేళ్లు వాడనివ్వొద్దు అన్నది మాత్రం నేరుగా హాని చేసే సలహా. అలిబాలి, డిరుస్సో 1999లో ప్రచురించిన అధ్యయనంలో, వస్తువులను వేలితో చూపిస్తూ, తాకుతూ లెక్కపెట్టినప్పుడు పిల్లలు మరింత సరిగ్గా లెక్కపెట్టారు. అవసరం తీరాక వేళ్లు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

రాయించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెన్సిల్ పట్టు ఇంకా కుదరని చేత్తో పేజీలు నింపిస్తే టెన్షన్ తప్ప అంకెల అవగాహన పెరగదు. పూసలు గుచ్చితే, క్లిప్పులు పెడితే, మూతలు తిప్పితే ఆ పట్టు వస్తుంది.

మెసేజ్‌లోని చివరి మాటలో నిజం ఉంది, అందుకే అది ప్రమాదకరం. 2007లో గ్రెగ్ డంకన్ బృందం ఆరు దీర్ఘకాలిక అధ్యయనాలను కలిపి చూసింది. స్కూల్లో చేరేనాటికి లెక్కలు అర్థమైన పిల్లలు తర్వాత చదువులో మెరుగ్గా ఉన్నారు. కానీ వాళ్లు ప్రధానంగా చెప్పింది సంఖ్యల గురించిన అవగాహన, వరుసలో ఏది ముందు ఏది వెనక అన్న అవగాహన గురించి. మూడేళ్లకు వంద రాయించమని అందులో లేదు.

ఆ అవగాహన ఎలా వస్తుందో 2008లో సీగ్లర్, రమణి చూపించారు. పేద కుటుంబాల ప్రీస్కూల్ పిల్లలతో 1 నుంచి 10 వరకు గళ్లు వరుసగా ఉన్న బోర్డు ఆట ఆడించారు. మూడో గడిలో ఉండి రెండు పడితే "నాలుగు, ఐదు" అని పైకి చెబుతూ జరగాలి. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి 15 నిమిషాలు. అంకెల బదులు రంగులతో అదే ఆట ఆడిన పిల్లల్లో మార్పు రాలేదు. అంకెలతో ఆడిన పిల్లలకు మాత్రం ఏ అంకె ఎంత పెద్దదో బాగా తెలిసింది. మొత్తం కలిపితే గంట ఆట.