ఆపరేషన్‌కు ముందు ఆ రెండు వారాలు: ప్రొటీన్ షేక్ గొంతు దిగాలంటే

బరువు తగ్గే ఆపరేషన్‌కు తేదీ ఖరారయ్యాక చేతికి ఒక డైట్ చార్ట్ వస్తుంది. అందులో అన్నం ఉండదు, చపాతీ ఉండదు, పండ్లు కూడా దాదాపుగా ఉండవు. రోజుకు మూడు నాలుగు సార్లు ప్రొటీన్ షేక్, మధ్యలో పల్చటి సూపు, చారు, మజ్జిగ, నీళ్లు. మామూలుగా ఇలా రెండు వారాలు, రోజు మొత్తం మీద 800 నుంచి 1000 కేలరీలు. కోత ఎక్కడ పెడతారో సర్జన్ చెబుతారు. ఏ పరీక్షలు కావాలో మత్తు డాక్టర్ చెబుతారు. ఆ షేక్ ఎలా తాగాలన్న సంగతి మాత్రం చాలాచోట్ల ‘నీళ్లలో ఒక స్కూప్ కలుపుకోండి’ అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది. రోగి గండం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. షేక్ రుచి గురించి మాట్లాడటం గారాబమని, చికిత్సకు సంబంధం లేని విషయమని అనుకునే ధోరణి మారాలి.

ఈ డైట్ ఎందుకు పెడతారో ముందు అర్థం చేసుకోవాలి. రెండు వారాల్లో నాలుగు కిలోలు తగ్గించడం దీని అసలు ఉద్దేశం కాదు. లివర్‌ను చిన్నది చేయడం, మెత్తబరచడం కోసమే ఇదంతా. జీర్ణాశయంలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా చేసే స్లీవ్ అయినా, దాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే బైపాస్ అయినా ఇప్పుడు ఎక్కువగా లాప్రోస్కోపీతోనే చేస్తున్నారు. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, కెమెరాతో లోపల చూస్తూ జీర్ణాశయం దగ్గరకు వెళ్తారు. లివర్ ఎడమ భాగం సరిగ్గా ఆ జీర్ణాశయం పైభాగాన్ని కప్పేసి ఉంటుంది. దాన్ని ఒక పరికరంతో పైకెత్తి పట్టుకుంటే తప్ప కింద ఏముందో సర్జన్‌కు కనిపించదు. ఊబకాయం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఫ్యాటీ లివర్ ఉంటుంది. కొవ్వు పట్టిన లివర్ బరువుగా, పెళుసుగా ఉండి, పైకెత్తేటప్పుడు చీలి రక్తం కారే ప్రమాదముంది. మరీ పెద్దదైతే రంధ్రాల పద్ధతి వదిలేసి పొట్ట కోయాల్సి రావచ్చు, ఒక్కోసారి ఆపరేషన్ మధ్యలోనే ఆపేయాల్సి రావచ్చు.

పిండిపదార్థాలు తగ్గిస్తే లివర్ త్వరగా చిక్కుతుంది. శరీరం చక్కెరను గ్లైకోజెన్ రూపంలో లివర్‌లో దాచుకుంటుంది, ఒక్కో గ్రాము గ్లైకోజెన్ దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె ఆగిన కొద్ది రోజుల్లోనే ఆ నిల్వ, దాంతోపాటు నీరు ఖాళీ అవుతాయి. ఆ వెంటే కొవ్వు కరగడం మొదలవుతుంది. 2006లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో 32 మందిని 12 వారాలపాటు ఇలాంటి డైట్‌లో ఉంచి స్కాన్‌లు తీశారు. లివర్ పరిమాణంలో వచ్చిన తగ్గుదలలో 80 శాతం మొదటి రెండు వారాల్లోనే వచ్చింది. 2011లో యూరప్‌లో దాదాపు 300 మందిపై జరిగిన పరిశీలనలోనూ డైట్ చేసినవాళ్ల ఆపరేషన్ సులువుగా సాగిందని సర్జన్లు చెప్పారు, నెల రోజుల్లో తలెత్తిన ఇబ్బందులు కూడా వాళ్లలోనే తక్కువ. అంటే ఆ పద్నాలుగు రోజుల్లో కడుపులోకి ఏం వెళ్తుందన్నది ఆపరేషన్ టేబుల్ మీద తేలుతుంది.

ఇంత విలువైన రెండు వారాలు ఒక గ్లాసు రుచి దగ్గర తడబడుతున్నాయి. మొదటి రోజు ఉత్సాహంగా తాగుతారు. మూడో రోజుకు మొహం మొత్తుతుంది. ఆ తియ్యటి వాసన ముక్కుకు తగిలితేనే వికారం మొదలవుతుంది. మధ్యాహ్నం షేక్ మానేస్తారు, సాయంత్రానికి కళ్లు తిరుగుతాయి, రాత్రి ఎవరూ చూడకుండా రెండు ఇడ్లీలు తింటారు. ఇడ్లీలతో పాటు గ్లైకోజెన్ కూడా తిరిగి లివర్‌లోకి చేరుతుంది. ఇంకొందరు షేక్ తాగలేక ఉత్త నీళ్లతో, కొబ్బరినీళ్లతో నెట్టుకొస్తారు. వాళ్లకు ప్రొటీన్ అందక కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. ఈ రెండు రకాలవాళ్లూ డాక్టర్‌కు నిజం చెప్పరు. బరువు విషయంలో జీవితమంతా మాటలు పడ్డవాళ్లు మరోసారి మాట పడటానికి ఇష్టపడరు. వాళ్లను తప్పుబట్టడం సులువే, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

మార్కెట్లో దొరికే పొడుల్లో చాలావరకు జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. చాక్లెట్, వెనిలా, స్ట్రాబెర్రీ, కుకీస్ అండ్ క్రీమ్. కసరత్తు చేసొచ్చి రోజుకోసారి గటగటా తాగేవాళ్లకు అవి బాగానే ఉంటాయి. రోజుకు నాలుగుసార్లు, వేరే తిండేమీ లేకుండా, రెండు వారాలు తాగాల్సినవాళ్ల సంగతి వేరు. మనం చింతపండు చారుతో, గోంగూరతో, ఆవకాయతో పెరిగినవాళ్లం. భోజనం పెరుగన్నంతో ముగిస్తే తప్ప తిన్నట్టు ఉండదు. తీపి మనకు పండగపూట ఒక ముక్క. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. ఈ జిహ్వకు పొద్దున్న లేచింది మొదలు సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి పోస్తే ఎదురు తిరగదా? అందుకే నా మాట సూటిగా చెబుతాను: తెలుగువాళ్లకు ప్రొటీన్ షేక్ సగానికి సగమైనా ఉప్పగా, పుల్లగా ఉండాలి.

దీనికి ముందు కొనేటప్పుడే జాగ్రత్తపడాలి. ఫ్లేవర్ లేని వే ఐసొలేట్ అడగండి. వే అంటే పాలు విరిగినప్పుడు మిగిలే తేట నుంచి తీసే ప్రొటీన్. వే కాన్సన్‌ట్రేట్‌లో సాధారణంగా 70–80 శాతం ప్రొటీన్ ఉంటే, ఐసొలేట్‌లో 90 శాతం దాకా ఉంటుంది, లాక్టోజ్ అనే పాల చక్కెర చాలా తక్కువ. పాలు పడనివాళ్లు మన దక్షిణాదిలో ఎక్కువ. షేక్ తాగాక పొట్ట ఉబ్బి, గడబిడగా ఉంటే పాల చక్కెర పడటం లేదేమోనని చూసుకోవాలి. పాలే ముట్టనివాళ్లకు సోయా, బఠాణీ పొడులున్నాయి. బఠాణీ పొడికి పచ్చివాసన ఉంటుంది, అల్లం, పుదీనా దాన్ని కొంత మింగేస్తాయి. మెడికల్ షాపులో ‘ప్రొటీన్’ అని పెద్ద అక్షరాలతో ఉన్న డబ్బాలన్నీ ఒకటి కావు. వెనక్కి తిప్పి వంద గ్రాములకు ప్రొటీన్ ఎంత, చక్కెర ఎంత, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థం ఉందా చూడండి. ముప్పై చిల్లర గ్రాముల ప్రొటీనే ఉండి మిగతాదంతా పిండీ చక్కెరా అయితే అది ఈ డైట్‌కు పనికిరాదు. లేబుల్‌ను కూడా గుడ్డిగా నమ్మలేం. 2024లో కేరళ డాక్టర్ల బృందం మన దేశంలో అమ్ముడయ్యే 36 పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతం పొడుల్లో ప్రొటీన్ లెక్క లేబుల్‌తో సరిపోలేదు. కాబట్టి ఏ పొడి కొనాలో ఆసుపత్రి డైటీషియన్‌తో పేరు రాయించుకోండి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే ఏడాది ప్రొటీన్ పొడులు వద్దని చెప్పింది కదా అని ఇంట్లోవాళ్లు అడ్డుపడటం కూడా ఉంది. ఆ సలహా కండలు పెంచుకోవాలనుకునే మామూలు జనానికి. డాక్టర్ పర్యవేక్షణలో రెండు వారాలు భోజనానికి బదులుగా తాగే పొడికి అది వర్తించదు.

ఇక మజ్జిగ షేక్. ఒక స్కూప్ పొడిని ముందు అర గ్లాసు చల్లటి నీళ్లలో కలపాలి. నీళ్లు ముందు పోసి పొడి పైన వేయాలి, తిరగేస్తే అడుగున ఉండ కడుతుంది. మిక్సీలో తిప్పొద్దు. వే ప్రొటీన్ గాలిని పట్టుకుని బాగా నురగ కడుతుంది, ఆ నురగ తాగితే పొట్ట ఉబ్బుతుంది. షేకర్‌తో గానీ, ఇంట్లో ఉన్న కవ్వంతో గానీ నెమ్మదిగా కలిపి, ఐదు నిమిషాలు పక్కన పెడితే నురగ దిగిపోతుంది. అప్పుడు వెన్న తీసిన పెరుగు రెండు చెంచాలు పల్చగా చిలికి పోయాలి. చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, దంచిన అల్లం, చీరిన పచ్చిమిర్చి, చేత్తో తుంచిన కరివేపాకు వేసి, పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి వడగట్టాలి. పొడికి ఉండే ఆ పాలవాసన మజ్జిగలో కలిసిపోయి వేరుగా తెలియదు. పైగా ఈ డైట్ మొదటి మూడు నాలుగు రోజుల్లో ఒంట్లోంచి నీరు, ఉప్పు ఎక్కువగా పోయి తలనొప్పి, నీరసం వస్తాయి. ఉప్పు వేసిన మజ్జిగ అప్పుడు బాగా ఆదుకుంటుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఎంత ఉప్పు వేసుకోవచ్చో డాక్టర్‌ను అడగాలి.

వేడిగా ఏదైనా నోట్లో పడాలనిపించే సాయంత్రాలకు చారు ఉంది. పప్పు లేకుండా చింతపండు కొంచెమే వేసి కాచిన మిరియాల చారు తేట తీసుకోవాలి. ఇక్కడ ఒక్క పొరపాటుతో గ్లాసంతా పాడవుతుంది: మరిగే చారులో పొడి వేయడం. వే ప్రొటీన్ సుమారు 70 డిగ్రీల వేడి దాటితే విరిగినట్టు ముద్దలు కడుతుంది, పులుపు ఉంటే ఆ పని ఇంకా తేలిక. పొడిని ముందు కొంచెం చల్లటి నీళ్లలో జారుగా కలుపుకుని, చారు గోరువెచ్చగా అయ్యాక కొంచెం కొంచెంగా పోస్తూ కలపాలి. పోషకాలకు నష్టమేమీ ఉండదు గానీ, ముద్దలు కట్టినదాన్ని ఎవరూ తాగలేరు.

తియ్యటి షేక్ ఒకటైనా తప్పదనుకుంటే బాగా చల్లగా తాగండి. చల్లదనానికి వాసన అణుగుతుంది, తీపి కూడా తక్కువగా తెలుస్తుంది. మూత ఉన్న సిప్పర్‌లో పోసుకుంటే ముక్కుకు తగిలేది ఇంకా తగ్గుతుంది. చాక్లెట్ పొడిలో రెండు ఉప్పురవ్వలు వేస్తే చేదు వెనక్కి పోతుంది. వెనిలా పొడిలో చల్లారిన ఫిల్టర్ కాఫీ డికాషన్ రెండు చెంచాలు పోస్తే కాఫీ మానలేనివాళ్లకు ప్రాణం లేచొస్తుంది. కొందరు సర్జన్లు కాఫీ ముందే మాన్పిస్తారు, అది అడిగి తెలుసుకోవాలి. యాలకులు, దాల్చిన చెక్క పరవాలేదు. అరటిపండు, ఖర్జూరం, తేనె, మామిడి గుజ్జు, కొబ్బరినీళ్లు, రాగిజావ, మాల్ట్ పొడులు మాత్రం వద్దు. షేక్ రుచి కోసం వీటిని కలపమని చెప్పే వీడియోలు బోలెడు, అవి జిమ్ చేసేవాళ్లకు చెప్పినవి. ఈ డైట్‌లో అవి కలిపితే లివర్ మళ్లీ నిండుతుంది.

రుచి కుదిరి డైట్ నిజంగా సాగితే, అప్పుడు జాగ్రత్త పడాల్సిన సంగతి ఒకటుంది. మన దగ్గర ఈ ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో షుగర్ ఉన్నవాళ్లు చాలామంది. అన్నం మానేసి, పాత మోతాదులోనే ఇన్సులిన్ తీసుకుంటూ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకుంటూ ఉంటే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు వచ్చి రాత్రిపూట ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలతో మరో ప్రమాదం: పిండిపదార్థం లేని తిండితో కలిస్తే, మీటర్‌లో షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లాలు పెరిగిపోవచ్చు. వీటిని ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపాలి. డైట్ మొదలయ్యేటప్పుడే ఆపాలా అన్నది డాక్టర్ తేల్చాలి. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రల మోతాదూ మారాల్సి రావచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్ ఎంతన్నదే మారిపోతుంది. డైట్ చార్ట్ చేతికిచ్చేటప్పుడే మందుల చీటీ మార్చి ఇవ్వని ఆసుపత్రిని నిలదీసి అడగాలి.

ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నది ఇల్లాలైతే, ఆ రెండు వారాలూ ఇంటిల్లిపాదికీ వండిపెట్టేదీ ఆవిడే. ఆవాలు, ఇంగువ పోపు వాసన మధ్య నిలబడి వెనిలా షేక్ తాగమనడం అన్యాయం. ఆ పద్నాలుగు రోజులు పొయ్యి దగ్గర ఇంకెవరైనా నిలబడాలి. పెళ్లిళ్లు, పేరంటాలు వాయిదా వేసుకోలేం గానీ, ‘ఒక్క ముద్ద తింటే ఏమవుతుందిలే వదినా’ అనే మాటైనా మానుకోవచ్చు.

అసలు బాధ్యత ఆసుపత్రులదే. లక్షల్లో ఖర్చయ్యే ఆపరేషన్‌కు ముందు ఒక పూట రుచి చూపించే ఏర్పాటు చేయడం పెద్ద పని కాదు. నాలుగు రకాల పొడులు, నాలుగు చిన్న కప్పులు, ఒక కుండ మజ్జిగ ఉంటే చాలు. రోగి ఏది తాగగలరో అక్కడే తెలిసిపోతుంది. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఆసుపత్రులు చాలాచోట్ల ఈ లివర్ డైట్‌కు ఒకటికి మించి దారులు ఇస్తాయి: షేకులు, లేదంటే పాలూ పెరుగూ, లేదంటే కొలిచిన మామూలు తిండి. ఏది సాగించగలరో దాన్ని రోగే ఎంచుకుంటారు. అక్కడున్న మన తెలుగువాళ్లు పాలు, పెరుగు దారి అడిగి తీసుకోవచ్చు. ఇక్కడ హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఈ ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు మజ్జిగ, చారు, పెరుగు కొలతలతో ఒక తెలుగు చార్ట్ తయారు చేసుకోవడానికి అడ్డేమిటి? తెచ్చిపెట్టుకున్న చార్ట్‌లో చాక్లెట్, వెనిలా అని రాసి ఉంటే మనవాళ్లకు అవే గతి అనుకోవడం సరికాదు.

పొడి కొనే విషయంలో చివరిగా ఒక సలహా. రెండు కిలోల డబ్బా ఆఫర్‌లో వస్తోందని ముందే కొనేయకండి. కిలోకే వేల రూపాయలవుతోంది. ఆపరేషన్ తర్వాత కూడా రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అవసరం, షేకులు నెలల తరబడి సాగుతాయి, నిజమే. కానీ ఆపరేషన్ అయ్యాక చాలామందికి రుచి, వాసన తెలియడం మారిపోతుంది. నిన్నటిదాకా నచ్చిన ఫ్లేవర్ అప్పుడు కడుపులో తిప్పొచ్చు, తీపి అసలే సహించకపోవచ్చు. ముందు ఒక్కో సాచెట్ తెచ్చుకుని చూడండి, ఆపరేషన్‌కు ముందు రెండు వారాలకు సరిపడానే తీసుకోండి. తర్వాత సంగతి తర్వాత మళ్లీ రుచి చూసి కొనుక్కోవచ్చు.