ఎక్కడ ఆగిందో అడిగేవాళ్లేరి?

మా పెద్దమ్మ మందుల సంచిని డాక్టర్ బల్ల మీద బోర్లించింది. తొమ్మిది రకాలు. కొన్ని స్ట్రిప్పులు సగానికి కత్తిరించి ఉన్నాయి, పేరున్న సగం ఎప్పుడో పోయింది. రెండింటికి కలిపి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది, అవి రాత్రివట. మూడేళ్లుగా ఆవిడ బాధ ఒక్కటే, తిన్నది అరగడం లేదు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతుంది. పొద్దున తిన్నది సాయంత్రం దాకా రాయిలా కూర్చుంటుంది. విరేచనం నాలుగైదు రోజులకోసారి. ఈ మూడేళ్లలో ఎండోస్కోపీ రెండుసార్లు, అల్ట్రాసౌండ్ మూడుసార్లు అయ్యాయి. అన్నీ నార్మల్. కాబట్టి 'గ్యాస్'.

ఆ రోజు కూర్చున్న డాక్టరమ్మ రిపోర్టుల ఫైలు జోలికే పోలేదు. ఒక్కో బిళ్ల తిప్పి చూస్తూ "ఇది ఎప్పట్నుంచి? ఎవరు రాశారు?" అని అడుగుతూ పోయింది. బీపీకి వెరాపమిల్. అరికాళ్ల మంటలకి అమిట్రిప్టిలిన్. రక్తం తక్కువుందని ఐరన్. ఎప్పుడో జలుబుకి రాసిచ్చిన క్లోర్‌ఫెనిరమిన్, నిద్ర బాగా పడుతోందని ఆవిడే కొనసాగిస్తోంది. ఈ నాలుగింటి పక్కనా కాగితం మీద పెన్నుతో చుక్క పెట్టింది. నాలుగూ పేగుల కదలికను మందగింపజేసేవో, మలబద్ధకం తెచ్చేవో.

'అరగడం లేదు' అన్నది రోగి చెప్పుకునే బాధ, జబ్బు పేరు కాదు. చీటీ మీద 'గ్యాస్ట్రిక్ ట్రబుల్' అని రాస్తే, ఆమె చెప్పిన మాటనే ఇంగ్లిషు చేసి ఆమె చేతికే తిరిగి ఇచ్చినట్టు. దానికి తోడు పరగడుపున వేసుకోమని యాసిడ్ బిళ్ల. యాసిడ్ తగ్గించే మందు యాసిడ్‌ను తగ్గిస్తుంది, ఆగిన బండిని తోయదు. ఈ సంగతి తెలియని డాక్టరు ఉండరు. అయినా చీటీ మారదు, ఎక్కడి గొంగళి అక్కడే. ఏళ్ల తరబడి ఇలా తిరిగే మనిషికి కారణం దొరక్కపోతే ఆ తప్పును వైద్యశాస్త్రం మీద వేయలేం. అడగాల్సిన రెండు ప్రశ్నలు ఎవరూ అడగలేదని నేనంటాను. ఎక్కడ ఆగింది? ఇది మొదలవడానికి కాస్త ముందు ఇంకేం మొదలైంది?

మొదటిది చూద్దాం. నోటి నుంచి మలద్వారం దాకా ఉన్నది ఒకటే గొట్టం. కానీ ఒక్కో మజిలీలో బండి నడిపేవాడు వేరు, బండి ఆగే తీరూ వేరు. జీర్ణాశయం గోడలో కహాల్ కణాలనేవి ఉంటాయి. నిమిషానికి దాదాపు 3 సార్లు అవి తాళం వేస్తే కండరం దాని ప్రకారం బిగుసుకుంటుంది, తిన్నదాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల నలుసులుగా నూరి చిన్నపేగులోకి జారవిడుస్తుంది. ఎక్కడా అడ్డు లేకపోయినా ఈ జారవిడవడం ఆలస్యమైతే దాని పేరు గ్యాస్ట్రోపెరెసిస్. తేల్చడానికి పరీక్ష ఉంది. రేడియోధార్మిక పదార్థం కొద్దిగా కలిపిన తిండి పెట్టి 4 గంటలపాటు కెమెరాతో చూస్తారు. నాలుగో గంటకి 10 శాతం కంటే ఎక్కువ మిగిలితే ఆలస్యం కిందే లెక్క. రెండు గంటలకే ముగించేస్తే కొందరి ఆలస్యం కంటపడదు. పరీక్ష రోజున రక్తంలో షుగర్ 275 దాటి ఉన్నా లెక్క తప్పుతుంది, ఎందుకంటే ఎక్కువైన షుగర్ తానే జీర్ణాశయాన్ని మందగింపజేస్తుంది. పేగుల్ని ఆపే మందులు వేసుకుంటూనే పరీక్షకి వెళ్తే బయటపడేది ఆ మందు సంగతి. ఎండోస్కోపీ 'నార్మల్' అనడంతో ఈ గొడవ తీరిపోయిందనుకుంటాం గానీ ఆ గొట్టం చూసేది లోపలి పొరని. రోడ్డుకి గుంతలు లేవని చెబుతుంది. బళ్లు కదులుతున్నాయో లేదో దానికి తెలియదు.

పెద్దపేగుది వేరే కథ. ఎక్స్‌రేలో కనిపించే 24 చిన్న రింగులున్న గొట్టం మాత్ర (క్యాప్సూల్) మింగించి అయిదో రోజున ఫిల్మ్ తీస్తే, లోపల 5 కంటే ఎక్కువ మిగిలాయంటే అక్కడ నడక మందగించిందని తెలుస్తుంది. ఇంకా కిందికి వెళ్తే, మనవాళ్లు సిగ్గుతో ఎత్తని, డాక్టర్లు తీరిక లేక అడగని చోటు ఒకటుంది. ముక్కినప్పుడు వదులవాల్సిన కటి కండరం కొందరిలో ఇంకా బిగుసుకుంటుంది. పేగు తన పని చేస్తుంది, తలుపే తెరుచుకోదు. నీళ్లు నింపిన చిన్న బెలూన్‌ను బయటికి పంపించమంటే ఒకటి రెండు నిమిషాల్లో పంపలేకపోతే అనుమానం ఇటు తిరుగుతుంది. వీళ్లకి విరేచనాల మందు ఎంత పెంచినా పెద్దగా ఒరగదు. ఆ కండరాన్ని ఎప్పుడు వదలాలో తెరమీద చూపిస్తూ నేర్పే బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణే విరేచనాల మందుకంటే బాగా పనిచేస్తుంది.

అసలు తమాషా ఇక్కడుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లని కొన్ని రోజులు విరేచనం ఆపుకోమని చెప్పి చూస్తే, వాళ్ల జీర్ణాశయం ఖాళీ అవడమూ ఆలస్యమైంది. కింద ఆగితే పైన నిండినట్టుంటుంది! పొట్ట పైభాగం మీద చెయ్యి పెట్టి "ఇక్కడ డాక్టరు గారూ" అనే మనిషిని "విరేచనం ఎలా అవుతోంది?" అని అడగకుండా పంపించారంటే, సగం రోగి లోపలికి రాకుండానే బయటికి వెళ్లిపోయినట్టు.

రెండో ప్రశ్నకి తేదీలు కావాలి. ఏదైనా వైరల్ జ్వరం తర్వాత మొదలైందా? అలా వచ్చిన గ్యాస్ట్రోపెరెసిస్ చాలామందిలో కొన్ని నెలలకి తనంతట తానే నెమ్మదిస్తుంది, ఆ మాట చెబితేనే సగం భయం పోతుంది. పొట్టకి ఆపరేషన్ అయ్యాకనా? జీర్ణాశయాన్ని నడిపించే వేగస్ నరానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. ఏళ్లనాటి షుగర్, థైరాయిడ్ తగ్గడం, రక్తంలో కాల్షియం పెరగడం, స్క్లెరోడెర్మా (చర్మమూ లోపలి అవయవాలూ గట్టిపడే జబ్బు) ఇవన్నీ జాబితాలో ఉన్నవే, మొదటి మూడూ మామూలు రక్త పరీక్షతో తేలేవి. పార్కిన్సన్స్‌లో చెయ్యి వణకడానికి ఏళ్ల ముందే మలబద్ధకం రావచ్చు. బరువు దానంతటది తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, మింగుడు పడకపోవడం, 60 దాటాక కొత్తగా మొదలైన అజీర్తి, వీటిలో ఏదున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి పరీక్షలకి వెళ్లండి. 50 దాటిన ఆడవాళ్లకి కొత్తగా కడుపుబ్బరం పట్టుకుని వదలకపోతే అండాశయాలు చూడకుండా గ్యాస్ అని తేల్చేయడం ప్రమాదం.

ఇక మందులు. నొప్పికి వాడే ట్రమడాల్, కోడీన్, పాతకాలపు అలర్జీ బిళ్లలు, బరువు తగ్గడానికి ఇప్పుడు అందరూ పొడిపించుకుంటున్న సెమాగ్లూటైడ్. చివరిదైతే జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసేదే. ఆ ఇంజెక్షన్ సంగతి చెప్పకుండా "ఈ మధ్య అరగడం లేదండీ" అని మరో డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు.

ఎదుటి వాదన నాకు తెలుసు. ఇలాంటి రోగుల్లో ఎక్కువమందికి ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ దొరకదు, అది ఫంక్షనల్ డిస్పెప్సియా (పరీక్షల్లో కారణం కనబడని అజీర్తి), వెతుకులాట వల్ల డబ్బూ పోతుంది, భయమూ పెరుగుతుంది అంటారు. గ్యాస్ట్రోపెరెసిస్‌కీ ఫంక్షనల్ డిస్పెప్సియాకీ మధ్య గీత కూడా గట్టిది కాదు. 2021లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి పరీక్ష మళ్లీ చేస్తే సుమారు 40 శాతం మంది ఒక పేరులోంచి మరో పేరులోకి మారిపోయారు. ఒప్పుకుంటాను. కానీ నేను అడుగుతున్నది స్కాన్లు కాదు, ప్రశ్నలు. వాటికి ఖర్చు లేదు. పైగా 'ఏమీ లేదు' అన్న మాట మీద నాకంత గురి లేదు. కడుపులో పుండ్లకీ ఒకప్పుడు టెన్షనే కారణమన్నారు. 1984లో ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్, అసలు దోషి అని తాను అనుమానించిన హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా కలిపిన ద్రావణం తానే తాగి, కడుపు చెడగొట్టుకుని మరీ చూపించాల్సి వచ్చింది. 2005లో నోబెల్ ఇచ్చారు, అది వేరే సంగతి.

నన్ను ఏళ్లుగా వెంటాడుతున్న విషయం మరొకటుంది. జీర్ణాశయాన్ని కదిలించడానికి మెటోక్లోప్రమైడ్ అనే మందుంది. అది మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది కాబట్టి కొందరిలో పార్కిన్సన్స్‌లాంటి వణుకు, బిగుసుకుపోవడం వస్తాయి. 1995లో అచ్చయిన ఒక పరిశోధన పెద్దవయసు వాళ్ల రికార్డులు చూసింది. మెటోక్లోప్రమైడ్ వాడుతున్నవాళ్లకి పార్కిన్సన్స్ మందు లెవోడోపా కొత్తగా మొదలయ్యే అవకాశం, వాడనివాళ్లతో పోలిస్తే సుమారు 3 రెట్లు. అంటే మందు తెచ్చిన వణుకుని జబ్బనుకుని ఇంకో మందు రాశారు. ఇంతటితో ఆగిందా? లెవోడోపా వాంతి తెప్పిస్తుంది, జీర్ణాశయం ఖాళీ అవడాన్ని ఆలస్యం చేస్తుంది. రోగి మళ్లీ వచ్చి ఏమంటాడు? అరగడం లేదు అంటాడు! మెటోక్లోప్రమైడ్ 12 వారాలు మించకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2009లో పెట్టె గీసి మరీ హెచ్చరిక పెట్టింది. దానికి ముందు వచ్చిన గొడవ సిసాప్రైడ్‌ది, అదీ జీర్ణాశయాన్ని కదిలించే మందే. గుండె లయ తప్పిస్తోందని 2000లో అక్కడి మార్కెట్ నుంచే తీసేయాల్సి వచ్చింది.

మందు తెచ్చిన బాధకి మరో మందు, దాని బాధకి ఇంకోటి. దీన్ని రోషన్, గుర్విట్జ్ అనే ఇద్దరు వైద్యులు 1990ల్లోనే 'ప్రిస్క్రైబింగ్ క్యాస్కేడ్' అని పేరుపెట్టి వివరించారు. మూడు దశాబ్దాలయినా మారిందేమిటి? గుండె డాక్టరు రాసింది గుండె డాక్టరుది, నరాల డాక్టరు రాసింది నరాలాయనది. తిలా పాపం తలా పిడికెడు. మందు మొదలుపెట్టడానికి చదువుంది, పద్ధతి ఉంది, దాన్ని అమ్మే కంపెనీ ఉంది. ఆపడానికి ఎవరున్నారు? ఆపడం ఒక పని అని కూడా ఎవరూ అనుకోరు, దానికి ఫీజు లేదు. యాసిడ్ బిళ్లే తీసుకోండి. ఏ బాధా లేనివాళ్లకి 8 వారాలు ఇచ్చి ఆపేస్తే, వాళ్లలోనూ చాలామందికి కొత్తగా గుండెల్లో మంటలాంటి యాసిడ్ బాధలు మొదలయ్యాయని 2009లో ఒక ప్రయోగంలో తేలింది. ఆపిన కొన్నాళ్లకి మంట రాగానే రోగి ఏమనుకుంటాడు? ఈ బిళ్ల లేకపోతే నేను బతకలేననుకుంటాడు. మెల్లగా తగ్గించి ఆపాలని చీటీ మీద ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. అది రాయరు కాబట్టి పదేళ్లు మింగుతాడు.

పెద్దమ్మ సంగతికి వస్తే, అద్భుతమేమీ జరగలేదు. బీపీ మందు మార్చారు. ఐరన్ రోజు విడిచి రోజు చేశారు. జలుబు బిళ్ల మానేసింది, నెల రోజులు సరిగా నిద్రలేక అందరినీ విసుక్కుంది. అరికాళ్ల మందు సగానికి తగ్గిస్తే మంట కొంచెం తిరిగొచ్చింది, దాన్ని ఓర్చుకుంటానంది. మూడేళ్లలో ఎవరూ రాయని థైరాయిడ్ పరీక్ష రాస్తే అదీ కాస్త తేడాగానే వచ్చింది. ఇప్పుడు రోజు విడిచి రోజు విరేచనం అవుతోంది, సగం కంచం తింటోంది. పాత చీటీని మాత్రం ఎవరూ కొట్టేయలేదు. అది పట్టుకుని మందుల షాపుకి వెళ్తే ఇప్పటికీ తొమ్మిదీ లెక్కపెట్టి ఇస్తారు.