సవరణ: ఫ్రీజ్ పడ్డాక దేనికి అనుమతి అడగాలి

ఉబుంటు అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఫీచర్ ఫ్రీజ్ (విడుదలకు ముందు కొత్త ఫీచర్లు చేర్చడం ఆపేసే గడువు) పడ్డాక ఏ మార్పుకైనా, విడుదలను చూసుకునే రిలీజ్ టీమ్ అనుమతి కావాలని మొన్న రాశాను. అది తప్పు. బగ్ (ప్రోగ్రాంలో తప్పు) సరిచేయడానికి ఆ అనుమతి అక్కర్లేదు, కొత్త ఫీచర్ తెచ్చే మార్పుకే కావాలి. మన డెల్టాలో వేసవికి కాలువలు కట్టేశాక తూముల మరమ్మతు ఆగదు కదా, అలాగే.

నా మాట నమ్మి అమలాపురం తమ్ముడొకడు, మెనూ తెరుచుకోని బగ్‌కి రాసిన ప్యాచ్‌ను (సరిచేసే కోడ్‌ను) పది రోజులు ఆపుకున్నాడు. క్షమించు తమ్ముడూ, ఈరోజే పంపు.

నిజంగా ఫీచరే అయితే ఉబుంటు బగ్‌లు నమోదుచేసే లాంచ్‌ప్యాడ్ సైట్‌లో బగ్ రిపోర్ట్ తెరిచి, ఇప్పుడే ఎందుకు కావాలో, ఏం మారిందో రాసి, బిల్డ్ లాగ్ (ప్యాకేజీ తయారైన రికార్డు), ఇన్‌స్టాల్ అయిన రుజువు జతచేసి, ఆ రిపోర్ట్‌కి రిలీజ్ టీమ్‌ను సబ్‌స్క్రైబ్ చేయాలి. యూఐ ఫ్రీజ్ (తెరమీద కనిపించేవి మార్చడం ఆపే గడువు) తర్వాత తెరమీది మాటలు మారితే అనువాదకులకూ చెప్పాలి. తెలుగు చేసేవాళ్లం గుప్పెడుమందిమి, చివరి వారంలో ఒక్క వాక్యం మారినా మాకు భారమే.