పళ్ళ డాక్టరు మామయ్య, ఎర్ర ముక్కు జింక

1964 డిసెంబర్‌లో ఎన్‌బీసీలో తొలిసారి వచ్చిన క్రిస్మస్ టీవీ బొమ్మల సినిమా ‘రుడాల్ఫ్ ద రెడ్ నోస్డ్ రెయిన్‌డీర్’ని చూడకుండా అమెరికాలో పెరగడం కష్టం. న్యూజెర్సీలో నా చిన్నప్పుడు దాన్ని సీబీఎస్‌లో ఏడాదికోసారి వేసేవాళ్ళు. ఆ రాత్రి మిస్సయితే మళ్ళీ డిసెంబర్ దాకా ఆగాల్సిందే. అందుకని ఆ రోజు హోంవర్క్ ముందే అయిపోయేది, పెరుగన్నం కూడా మారు మాట్లాడకుండా లోపలికి పోయేది. నాకు గుర్తున్నదల్లా వెలిగే ముక్కు, మంచు, పాట. అంతే.

ఇంత మంచి సినిమాని మా ఆరేళ్ళ పాపకి చూపించడానికి అడ్డేముంది? హనుమకొండ నుంచి వచ్చిన అత్తమ్మ, మామయ్య కూడా వచ్చి సోఫాలో కూర్చున్నారు. అడ్డు అక్కడే కూర్చుంది.

టైటిల్స్ దగ్గరే మొదలైంది. కాపీరైటు ఏడాదిని రోమన్ అంకెల్లో రాసినవాళ్ళు ఒక ‘ఎం’ మింగేయడంతో 1964 కాస్తా 1164 అయి కూర్చుంది. మామయ్య కళ్ళద్దాలు సర్దుకున్నారు. “1164 అంటే మన రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టిచ్చిన కాలం. గప్పుడే టీవీలుండెనా?”

కథలో బిడ్డ పుట్టాడు. ముక్కు వెలుగుతోందని కన్నతండ్రే దానికి బురద పూశాడు. చూడటానికొచ్చిన సాంటా దీవించడం మానేసి, ఈ ముక్కుతో నా బండి లాగే జట్టులోకి రాలేడు సుమా అని హెచ్చరించాడు. నా చిన్నప్పటి సాంటా ఎప్పుడూ నవ్వే తాత. ఇతనేమో బారసాలకొచ్చి, భోంచేసి, పిల్ల నలుపని చెప్పి వెళ్ళే పెద్దమనిషిలా ఉన్నాడు. సాంటా భార్య ఒక్కతే అత్తమ్మకి నచ్చింది. చిక్కిపోయిన మొగుణ్ణి తిను తిను అని వెంటపడుతుంటే, “గా ఇంట్ల ఈమె ఒక్కతే మనిషి” అంటూ నా ప్లేట్లో ఇంకో సకినం వేశారు.

తర్వాత హెర్మీ వచ్చాడు. బొమ్మలు చెయ్యను, పళ్ళ డాక్టర్నవుతాను అనే ఎల్ఫ్, అంటే సాంటా దగ్గర బొమ్మలు చేసే మరుగుజ్జు. వాడి బాస్ వాణ్ణి అరిచి పారేశాడు.

మా మామయ్య రిటైరైన పళ్ళ డాక్టరు.

“పిల్లగాడు డెంటిస్టయితనంటే తిడ్తున్నరా?” అని లేచి నిలబడ్డారు. “ఎంబీబీఎస్ సీటు రాలేదని మా నాయన గూడ నాతోని గిట్లనే మాట్లాడిండు.” అక్కడి నుంచి రుడాల్ఫ్ ఊసు లేదు. హెర్మీ తెరమీద లేకపోతే “మనోడేడి?” అని అడగడమే. ఆ ప్రేమ మంచు రాక్షసుడి గుహ దాకా సాగింది. అక్కడ రాక్షసుడి నెత్తిన బండ పడి స్పృహ తప్పగానే హెర్మీ వాడి పళ్ళన్నీ పీకేశాడు. మామయ్య రిమోట్ లాక్కుని సినిమా ఆపేశారు.

“మత్తియ్యకుండ బండతోని కొట్టి పీకుడా? ఒక్క ఎక్స్‌రే లేదు. ఇప్పుడు కట్టుడు పండ్లు ఎవరు పెడ్తరు?”

కట్టుడు పళ్ళు సెకండ్ పార్ట్‌లో పెడతారని చెప్పి రిమోట్ తిరిగి సంపాదించాను. తుపానులో దారి కనపడక సాంటాకి ఎర్ర ముక్కు అవసరం పడింది. అత్తమ్మ పెదవి విరిచారు. “ఇన్నొద్దులు బోడి మల్లయ్య, ఏరు అడ్డమొచ్చేసరికి ఓడ మల్లయ్య.”

ఇంతా అయ్యాక కూడా గట్టెక్కేవాళ్ళమే. చివరి పేర్లు పడుతున్నాయి. ఎవరికీ అక్కర్లేని బొమ్మల్ని ఒక ఎల్ఫ్ సాంటా బండి మీంచి గొడుగులిచ్చి కిందికి దింపుతున్నాడు. పక్షి బొమ్మ వంతు వచ్చింది. పక్షే కదా అని గొడుగివ్వకుండా వదిలేశాడు.

“నాన్నా, దానికి ఎగరడం రాదు, ఈదడమే వచ్చు. ఇందాకే చెప్పింది కదా!”

ఇన్నేళ్ళలో నేను గమనించని సంగతి. కింద చెరువుంది తల్లీ, ఈదుకుంటూ వెళ్ళిపోతుంది అన్నాను. పాప కళ్ళు తుడుచుకుంటోంది.

“డిసెంబర్ల చెరువు గడ్డకట్టదా?” అన్నారు మామయ్య.

ఆ ఏడుపుకి మేడ మీద ఆఫీస్ కాల్‌లో ఉన్న మా ఆవిడ మ్యూట్ చేసుకుని కిందికొచ్చింది. పాపని ఊరడించడానికి అసలు సంగతి చెప్పాను. మొదటి ఏడాది వేసిన సినిమాలో సాంటా ఆ బొమ్మల కోసం వెళ్ళనే లేదు. చూసినవాళ్ళు ఊరుకోక ఉత్తరాలు రాస్తే, 1965లో ఆయన వాటిని తీసుకెళ్ళే సీను కలిపారు. పాప ఏడుపాపి పెన్సిల్ తెచ్చింది. పదకొండు గంటలకి నలుగురం కూర్చుని ఉత్తరం రాశాం. పక్షికి గొడుగు, రాక్షసుడికి కట్టుడు పళ్ళు, రుడాల్ఫ్‌కి సాంటా నోటితో సారీ.

ఈసారి సాంటాకి పాలూ కుకీలూ పెట్టొద్దని పాప తీర్మానం. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చినోణ్ణి ఉత్త కడుపుతోని పంపుతమా, సకినాలు పెడదాం అన్నారు.

“గట్టియి ఏరి పెట్టు,” అన్నారు మామయ్య. “పన్ను ఇరిగితే నా దగ్గరికే రావాలె.”